బీడు

పెనుమూరు దాటినాక మట్టిదారి.
మోపెడ్ నడిపేది నేను, వెనక గఫూరన్న,
ఆయన ఒళ్ళో పాతపంచెలో చుట్టిన నికెల్ కడ్డీలు,
లెక్కకు పదకొండు.
మిషను ముందే ట్రాక్టరులో పోయింది.

చెంగల్రాయులు బెల్లం కొట్టం కాడ ఇంజను చప్పుడు లేదు.
కోసిన చెరకు మీద ఎండ పడకుండా సోగ కప్పినారు.
ఇంకో రెండు దినాలైతే రసం పులుస్తుంది, బెల్లం పట్టదు.
ఆ మాట ఎవరూ అనలేదు,
అందరి మొహాల్లోనూ ఉంది.

గానుగ పెద్ద పళ్ళచక్రాన్ని నేలమీద పడుకోబెట్టినారు.
సంతలో ఆడోళ్ళు కుండను తట్టి చూసినట్టు
గఫూరన్న సుత్తితో తట్టినాడు.
ఖంగుమనలేదు.
జలుబు చేసిన గొంతు.
"బీడు," అన్నాడు.

నేలకూ ఈ ఇనుముకూ మన దగ్గర ఒకటే పేరు.
రెండూ వంగవు. సాగవు.
రెండూ చెప్పకుండా పగలవు,
మనమే వినం.

కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దముక్క రుద్దితే
తెల్లటి దాని మీద నల్లగా ఒక గీత
నడుచుకుంటా వచ్చింది,
ఇరుసు బొక్క నుంచి మూడో ఆకు మొదలు దాకా.
అది ఆగిన చోట బరమాతో రంధ్రం వేయించినాడు నాతో.
"ముందు దానికి పొలిమేర పెట్టాలరా. అతుకు తరవాత."

బెల్లం పొయ్యే ఆ రాత్రికి మా కొలిమి.
పెనం పక్కకు దించి, ఇటుకల మీద చక్రం పెట్టి
పిప్పి ఎగదోసింది దేశమ్మ.
ముప్పై ఏండ్లుగా ఆ పొయ్యి కాచేది ఆమె.
సబ్బుముక్కతో గీసిన గీత నల్లబడాలని గఫూరన్న లెక్క.
ఆమె సబ్బు వైపు చూడలేదు.
చక్రం మీదికి చెయ్యి చాపి, జానెడు ఎత్తున ఆపి,
"ఇంకొక గంపెడు," అనింది.
గంపెడు వేసినాక
గీత నల్లబడింది.

అంగుళం అతుకు. ఆగు.
గుండు సుత్తితో చిటచిటా దెబ్బలు,
కోపం లేని దెబ్బలు.
మళ్ళీ అంగుళం, ఎదురు వైపు.
అద్దం వెనక గఫూరన్న పెదాలు కదులుతుంటాయి,
దువానో, కడ్డీల లెక్కో,
అడిగే ధైర్యం నాకు లేదు.

పన్నెండు దాటింది. చెంగల్రాయులు బిందె తెచ్చినాడు.
"రెండు చెంబులు పోస్తే తెల్లారేసరికి బిగించుకోవచ్చు గదప్పా."
గఫూరన్న బిందె అందుకొని
తాగినంత తాగి, మిగిలింది కాళ్ళమీద పోసుకున్నాడు.
"ఐరాలలో ఒకసారి పోసినా, నా పెండ్లయిన ఏడు.
ఆ ఇంటి ముందర నుంచి ఇప్పటికీ పోను."

పిప్పి బూడిదలో పూడ్చినాము.
పైన గోనెపట్టలు, చంటిదానికి కప్పినట్టు.
ఇంక చేసేదేమీ లేదు, వినడమే.
టిక్కుమంటే పోయినట్టే.
రాకూడని ఒక్క చప్పుడు కోసం
నలుగురం మేలుకొని ఉన్నాము.
కొట్టం వాసంలో బల్లి పలికింది.
చెంగల్రాయులు దిగ్గున లేచి కూచున్నాడు.
దేశమ్మ మటుకు వేలితో నేలను తట్టి
"సత్యం, సత్యం," అనింది,
అటు తిరిగి పడుకుంది.

తెల్లారింది. టీ వచ్చింది. గ్లాసులు పోయినాయి.
బూడిద మీద చెయ్యి పెట్టబోయి
చెంగల్రాయులు తానే వెనక్కి తీసుకున్నాడు.
ఎండ నడినెత్తికొచ్చినాక తవ్వితే
ఇనుము ఇంకా గోరువెచ్చన.

గఫూరన్న సుత్తి దేశమ్మ చేతికిచ్చినాడు.
ఆమె తట్టింది.
గుడిగంట కాదు. అట్లని నిన్నటి గొంతూ కాదు.
చానా దినాలు మంచంలో పడుండి లేచినోళ్ళు
పేరు పిలిస్తే పలుకుతారే, అట్ల.

"ఈ సీజనుకు పలుకుతుంది," అన్నాడు గఫూరన్న.
"పై సీజనుకు?"

ఆయన మిగిలిన రెండు కడ్డీలు
పాతపంచెలో చుట్టుకుంటున్నాడు.